ఎర్రకుంట, బతుకమ్మ కుంట, మన సరూర్‌నగర్ చెరువు: నీటికి పేరెవరు పెట్టాలి?

మూసారాంబాగ్ వంతెన దాటితే అవతలి ఒడ్డున అంబర్‌పేట. అక్కడి బాగ్ అంబర్‌పేటలో 2025 సెప్టెంబరు 28న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు బతుకమ్మ కుంటను ప్రారంభించారు. ఉన్న కుంటను ప్రారంభించడమేమిటని అనిపించవచ్చు. నిన్నమొన్నటి దాకా అక్కడ కుంట లేదు. మట్టి, చెత్త, కూల్చిన ఇళ్ల శిథిలాలు, వాటి మీద ముళ్ల పొదలు ఉండేవి. 1962-63 నాటి లెక్కల్లో ఆ నీటి విస్తీర్ణం 14 ఎకరాల పైచిలుకు. హైడ్రా అధికారులు కొలిచే నాటికి మిగిలింది 5 ఎకరాల 15 గుంటలు. కోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెడితే మనిషి లోతు కూడా వెళ్లకముందే నీరు ఉబికింది. జలమండలి పైపు ఏదో పగిలిందని కొందరన్నారు. పరీక్షిస్తే భూమిలోని నీరేనని తేలింది. సుమారు 7 కోట్ల 40 లక్షల రూపాయల ఖర్చుతో కుంట మళ్లీ కుంటయింది.

అదే వారం మూసీ పొంగింది. గండిపేట, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. సెప్టెంబరు 26 రాత్రి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. మూసారాంబాగ్ వంతెన మునిగింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అటువైపు ఉద్యోగాలకు వెళ్లే మన విశ్వాసులు ఎంత చుట్టు తిరిగారో వారికే తెలుసు. 1908లో ఈ నగరంలో పదిహేను వేల మందిని తీసుకుపోయిందని చెప్పే మూసీ వరద కూడా సెప్టెంబరు 28నే వచ్చింది. 117 ఏళ్ల తర్వాత అదే తేదీన ఒక కుంటకు ప్రారంభోత్సవం జరిగింది. ఆ వేదిక మీద ఉన్నవారిలో ఎందరికి ఈ సంగతి గుర్తుందో!

మన సంఘాల్లో మాత్రం చర్చ వేరే చోట మొదలైంది. "పేరు బతుకమ్మ కుంట కదా, అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లవచ్చా? ఆ పేరు మన నోట పలకవచ్చా?" అని అడుగుతున్నారు. తేలిగ్గా తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదిది. మన ఇళ్లలో చాలామంది తల్లులు పెళ్లికి ముందు బతుకమ్మ ఆడినవారే. రక్షణ పొందాక ఆ ఆట మానుకోవడం వారికి చిన్న సంగతి కాదు. ఆ త్యాగాన్ని గౌరవిస్తూనే జవాబు చెప్పాలి.

ముందుగా ఆ పేరు ఎలా వచ్చిందో చూద్దాం. దానికి పాత పేరు ఎర్రకుంట. ఆ మాట వినగానే నేల రంగు కళ్ల ముందుకొస్తుంది. వానాకాలంలో తెలంగాణ మట్టి కరిగి కుంటలోకి దిగితే నీరు ఏ రంగులో ఉంటుందో పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. తర్వాత చుట్టుపక్కల ఆడవారు అక్కడికొచ్చి బతుకమ్మలను నీటిలో వదలడం వల్ల బతుకమ్మ కుంట అన్నారు. బతుకమ్మలో పేర్చేవి తంగేడు, గునుగు, కట్ల పూలు. ఇవి తోటల్లో పెంచే పూలు కావు. బీళ్లలో, గట్ల మీద, చెరువు శిఖాల్లో వాటంతటవే మొలుస్తాయి. చెరువులు నిండే కాలంలోనే పూస్తాయి. కాబట్టి పాత పేరు అక్కడి మట్టి సంగతి చెబితే, కొత్త పేరు అక్కడి పూల సంగతి, ఆ పూలు కోసుకొచ్చిన మనుషుల సంగతి చెబుతుంది. ఏ అధికారీ ఏ నాయకుడూ ఈ పేరు పెట్టలేదు. కాగితం మీద పేరు మారడానికి చాలా ముందే జనం నోట మారింది.

మనం ఆ పూజలో పాలుపొందం. ఇందులో రెండో మాట లేదు. అయితే ఒక చోటి పేరు పలకడం ఆ పూజ చేయడమా? అపొస్తలుడైన పౌలు మెలితే ద్వీపం నుంచి బయలుదేరినప్పుడు ఎక్కిన ఓడకు గ్రీకుల జంట దేవతల చిహ్నం ఉంది. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో లూకా ఆ సంగతిని దాచలేదు, తప్పుపట్టనూ లేదు. మన తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ ఏకంగా 'అశ్విని' అని పెట్టారు. బబులోనులో దానియేలుకు పెట్టిన బెల్తెషాజరు అన్న పేరులో ఆ దేశపు దేవత పేరుంది. ఆ పేరుతో పిలిస్తే పలికాడు గాని ఆ దేవతకు మోకరించలేదు. ఏథెన్సులో పౌలు మాట విని విశ్వసించిన దియొనూసియు పేరులో ఉన్నది ద్రాక్షారసపు దేవత. బాప్తిస్మం తర్వాత అతడు పేరు మార్చుకున్నాడని లేఖనం ఎక్కడా చెప్పదు. అంతదాకా ఎందుకు, మనం ఆరాధనకు కూడుకునే ఆదివారం పేరులోనే ఆదిత్యుడున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్.బి.నగర్‌లోనో ఉన్న విశ్వాసి అవతలి ఒడ్డుకు వెళ్లి ఆ కుంట గట్టు మీద సాయంకాలం నడిస్తే విగ్రహారాధన కాదు. నీళ్లు చూసి దేవుణ్ణి స్తుతించి రావచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. నీటికి పేరు పెట్టడం గురించి బైబిలు మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ చెబుతుంది.

ఆదికాండము 26వ అధ్యాయం మరోసారి తీసి చదవండి. అబ్రాహాము కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేశారు. వారికి ఆ నీరు అవసరం లేక కాదు. ఇస్సాకు వృద్ధి పొందుతుంటే అసూయపడ్డారు. బావి పూడితే మంద నిలవదు, మంద నిలవకపోతే మనిషీ నిలవడు. తర్వాత ఇస్సాకు ఆ బావులను తిరిగి తవ్వించాడు. అక్కడితో ఆగక, తండ్రి పెట్టిన పేర్లే వాటికి మళ్లీ పెట్టాడు. ఆదికాండము అంత క్లుప్తంగా సాగే గ్రంథంలో ఈ చిన్న వివరం ఎందుకుంది? పూడ్చిన బావికి పేరు కూడా పూడిపోతుంది. ఫలానా చోట ఫలానా పేరుగల బావి ఉండేదన్న జ్ఞాపకం పోతే దాన్ని తవ్వాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. పేరు ఒక రకంగా హక్కు పత్రం.

అదే అధ్యాయంలో ఇస్సాకు పనివారు కొత్త బావులూ తవ్వారు. మొదటిదాని కోసం గెరారు కాపరులు జగడమాడితే దానికి ఏశెకు అని పేరు పెట్టారు, అంటే జగడం. రెండోదానికి శిత్నా, అంటే విరోధం. మూడోదాని కోసం ఎవరూ పోట్లాడలేదు. దానికి రహెబోతు అన్నారు, అంటే అందరికీ చోటు. ఇస్సాకు తన పేరు గాని తన కొడుకుల పేర్లు గాని వాటిలో దేనికీ పెట్టలేదు. అక్కడ జరిగినదాన్నే పేరుగా పెట్టాడు. మారా నీళ్లు చేదు కాబట్టి మారా అయింది. హాగరు ఎడారిలో తనను చూచిన దేవుణ్ణి తలచుకుంటే ఆ బావి బెయేర్ లహాయిరోయి అయింది. దాసిగా ఉన్న ఒక స్త్రీ కథ ఒక నీటి ఊట పేరులో ఇన్ని వేల ఏండ్లు నిలిచింది.

సెమినరీలో హెబ్రీ భాష చదివినవారికి మరొకటి తెలుసు. మన బైబిల్లో ఎఱ్ఱ సముద్రం అని ఉన్నచోట హెబ్రీ మూలంలో ఉన్న మాట యామ్ సూఫ్. సూఫ్ అంటే నీటి అంచున పెరిగే జమ్ము. నిర్గమకాండము 2వ అధ్యాయంలో తల్లి పసివాడైన మోషేను పెట్టెలో ఉంచి ఏటి ఒడ్డున దాచింది ఆ జమ్ములోనే, అక్కడ వాడిన మాటా సూఫే. అంటే ఇశ్రాయేలీయుల నోట అది జమ్ము సముద్రం. ఆ నీటిలో ఏం పెరుగుతుందో దాన్నిబట్టి వచ్చిన పేరు. క్రీస్తుకు పూర్వం అలెక్సంద్రియలో పాత నిబంధనను గ్రీకులోకి మార్చిన పండితులు తమకు తెలిసిన పేరుతో ఎఱ్ఱ సముద్రం అన్నారు. అక్కడినుంచి అది లాటినుకు, ఇంగ్లీషుకు, తెలుగుకు వచ్చింది. అది ఏ నీరన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. బైబిల్లో ఆ మాట మార్చమని నేననడం లేదు. కొత్త నిబంధన రచయితలే గ్రీకు పేరు వాడారు. అయినా జమ్ము సముద్రం అన్నప్పుడు ఒక సంగతి మనసుకు తడుతుంది. మోషేను పసితనంలో జమ్ములో కాపాడిన దేవుడు, ఎనభై ఏండ్ల తర్వాత అతని జనాన్ని జమ్ము సముద్రం గుండా దాటించాడు. పేరు మారినప్పుడు ఆ లంకె కనబడకుండా పోయింది.

అలాగే మనం మృత సముద్రం అంటాం. బైబిల్లో ఆ పేరు లేదు. ఆదికాండము 14వ అధ్యాయంలో అది ఉప్పు సముద్రం. నీటి గుణం చెప్పే పేరు. యెహెజ్కేలు 47వ అధ్యాయంలో మందిరం నుంచి పారే నీళ్లు ఆ సముద్రంలో పడితే అక్కడ చేపలు పుడతాయని, జాలరులు వలలు ఆరబెట్టుకుంటారని దర్శనం. దాన్ని మృత సముద్రం అని పిలవడానికి అలవాటుపడ్డ మనకు ఆ దర్శనం అసాధ్యంగా తోస్తుంది. యెహెజ్కేలుకు మాత్రం అది స్వస్థత పొందవలసిన నీరు.

గలిలయ సముద్రానికైతే నాలుగు పేర్లు. పాత నిబంధనలో కిన్నెరెతు. హెబ్రీలో కిన్నోర్ అంటే తీగల వాయిద్యం. శబ్దం వరకు మన పాలమూరు కిన్నెర గుర్తుకొస్తుంది. లూకాలో గెన్నేసరెతు సరస్సు. మత్తయి, మార్కులలో గలిలయ సముద్రం. యోహాను సువార్తలో మాత్రం తిబెరియ సముద్రం. హేరోదు అంతిప ఒడ్డున పట్టణం కట్టి రోమా చక్రవర్తి తిబెరి పేరు పెట్టాడు, ఆ పట్టణం పేరు సరస్సుకు అంటుకుంది. యోహాను 6వ అధ్యాయం మొదట్లో రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. చక్రవర్తి పేరు తెలిసినవారికి అదీ, ఊరివారి పేరు తెలిసినవారికి ఇదీ. సువార్తికుడు ఏ పేరునూ చెరిపేయలేదు. పేతురు వల వేసిన నీరు ఏదో అందరికీ తెలియడమే అతనికి కావలసింది.

మన ప్రాంతానికి వద్దాం. దిల్‌సుఖ్‌నగర్ పేరు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారుది. ఎల్.బి.నగర్ లాల్ బహదూర్ శాస్త్రి గారిది. సరూర్‌నగర్ పేరు రెండో నిజాం దివాను అరస్తూ జా అంతఃపురానికి చెందిన సరూర్ అఫ్జా బాయిదని చెబుతారు. చెరువు మాత్రం అంతకు చాలా ముందు, పదిహేడో శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో కట్టింది. మూసారాంబాగ్ మూసీ వల్ల వచ్చిన పేరనుకునేవారున్నారు. కాదు, నిజాం సైన్యంలో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని మసియో రేమండ్ పేరది. జనం నోట నలిగి నలిగి ముస్లిములకు మూసా రహీం, హిందువులకు మూసా రామ్ అయింది. అతని సమాధి ఇప్పటికీ అక్కడి గుట్ట మీద ఉంది. చైతన్యపురి దగ్గర మూసీ ఒడ్డున కొండరాతి మీద విష్ణుకుండినుల కాలం నాటి ప్రాకృత శాసనం ఒకటుంది, అందులో గోవిందరాజ విహారం అని బౌద్ధ విహారం పేరు కనిపిస్తుంది. ఒక్క బస్సు దారిలో కాయస్థ జాగీర్దారు, ముస్లిం స్త్రీ, ఫ్రెంచి సైనికుడు, బౌద్ధ భిక్షువులు, ఒక ప్రధానమంత్రి!

వీటి మధ్య నేల మాటలు కూడా కొన్ని మిగిలాయి. ఎల్.బి.నగర్ దాటగానే చింతల్‌కుంట. చింతచెట్లున్న కుంట అని పేరే చెబుతోంది. గడ్డిఅన్నారంలో గడ్డి ఉంది. హరిణ వనస్థలిలో జింకలున్నాయి, పేరులోనూ అడవిలోనూ. నిజాముల వేటస్థలాన్ని 1975లో మహావీరుని నిర్వాణానికి 2500 ఏండ్లు నిండిన సందర్భంగా ఆయన పేరు మీద మహావీర్ హరిణ వనస్థలి అన్నారు. వేటాడే చోటికి అహింస బోధించినవాని పేరు పెట్టి, వేటకు గురైన జంతువును కూడా పేరులో చేర్చారు. కృష్ణజింకలు ఇంకా అక్కడ ఉన్నాయంటే పేరుతో పాటు కంచె కూడా వేశారు కాబట్టి.

చింతల్‌కుంటకు ఆ కంచె దొరకలేదు. ఈ రోజు ఆ పేరు చెబితే యువకులకు బస్టాపు, చెక్‌పోస్టు, అండర్‌పాస్ గుర్తుకొస్తాయి గాని కుంట గుర్తుకు రాదు. వాన పడినప్పుడు మాత్రం నీళ్లు పాత పేరు మరచిపోవు. విజయవాడ రహదారి మీద మోకాలి లోతు నిలుస్తాయి. నగరంలోని మాసాబ్ ట్యాంకు సంగతీ అంతే. మా సాహెబా పేరు మిగిలింది, ట్యాంకు అన్న మాట మిగిలింది, నీళ్లు మాత్రం లేవు.

సరూర్‌నగర్ చెరువు ఒంటరి చెరువు కాదు. మీర్‌పేట, జిల్లెలగూడ వైపు చెరువులు అలుగు పారితే ఆ నీరు వచ్చేది ఇందులోకే. ఇది నిండితే కొత్తపేట, చైతన్యపురి మీదుగా మూసీలోకి. పెద్దలు గొలుసుకట్టు అన్నది దీన్నే. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు కోదండరాం నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అటు వనస్థలిపురం వైపు కప్రాయి చెరువు పొంగి హరిహరపురం కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మన సంఘాల నుంచి అన్నం పొట్లాలు, దుప్పట్లు తీసుకెళ్లినవారు ఎందరో. ఆ ఇళ్లలో ఉన్నవారు చెరువును ఆక్రమించాలని వచ్చినవారు కారు. నల్లగొండ, సూర్యాపేట నుంచి బిడ్డల చదువుల కోసం వచ్చి, అప్పుచేసి వంద గజాలో నూటయాభై గజాలో కొన్నవారు. వారికి అమ్మిన కాగితంలో శిఖం అన్న మాట లేదు, చెరువు అన్న మాట లేదు. ఫలానా నగర్, ఫలానా పురం, ఫలానా కాలనీ అని మాత్రమే ఉంది.

నీటి పేరు మారితే ప్రమాదం ఇక్కడే. చెరువు శిఖం ముందు వెంచర్ అవుతుంది, వెంచర్ కాలనీ అవుతుంది. వాగు నాలా అవుతుంది. నాలా అన్నాక అందులో మురుగు వదలడానికి ఎవరికీ సంకోచం ఉండదు. గత ప్రభుత్వ కాలంలో ఎక్కడ చెరువు బాగుచేసినా మినీ ట్యాంక్ బండ్ అన్నారు. చెరువుకు దానిదంటూ ఒక పేరు ఉన్నప్పుడు హుస్సేన్ సాగర్ కట్ట మీది రోడ్డు పేరు తెచ్చి ఎందుకు అంటించాలో నాకు అర్థం కాదు. కట్ట మీద దీపాలు, బల్లలు, సెల్ఫీ కోసం అక్షరాలు అన్నీ వస్తాయి. చెరువులోకి మురుగు వచ్చే దారి మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు ఏ పల్లె నుంచో వచ్చిన ముసలి విశ్వాసి తాను ఊరి చెరువులో బాప్తిస్మం పొందానని చెబితే, మన పిల్లలు ఆశ్చర్యపోతారు. సరూర్‌నగర్ చెరువులో గాని మూసీలో గాని ఎవరినైనా ముంచి లేపగలమా? సిమెంటు తొట్టి కట్టుకుని, జలమండలి నీళ్లు నింపుకుని బాప్తిస్మాలిస్తున్నాం.

పేర్ల గొడవ మనకే పరిమితం కాదు. మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న అమెరికాలో, మినియాపొలిస్ నగరంలో లేక్ కాల్హౌన్ అనే సరస్సు ఉండేది. కాల్హౌన్ ఆ దేశ ఉపాధ్యక్షుడిగా చేసినవాడు, బానిసత్వాన్ని మంచిదని వాదించినవాడు. ఆ సరస్సుకు అక్కడి డకోటా ప్రజల పాత పేరు బ్డే మకా స్కా. తెల్లమట్టి చెరువు అని చెప్పుకోవచ్చు. 2018లో రాష్ట్ర అధికారులు పాత పేరే ఖాయం చేశారు. ఒడ్డున ఇళ్లున్నవారిలో కొందరు కోర్టుకు వెళ్లారు. 2020లో మినెసోటా సుప్రీంకోర్టు కొత్త పేరును, అంటే పాత పేరును, నిలబెట్టింది. అక్కడ తెల్లమట్టి చెరువు, ఇక్కడ ఎర్రకుంట. 2025 జనవరిలో అదే దేశ అధ్యక్షుడు ట్రంప్ మెక్సికో సింధుశాఖను అమెరికా సింధుశాఖ అని పిలవాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ నీటి గురించి గాని అందులోని జీవుల గురించి గాని ఆ పేరు ఏమీ చెప్పదు, ఎవరిది పైచేయి అన్నదే చెబుతుంది. రెండూ పేరు మార్పులే. మొదటిది ఇస్సాకు చేసిన పని వంటిది, రెండోది తిబెరియ పట్టణం కట్టిన హేరోదు పని వంటిది.

మరి సరూర్‌నగర్ చెరువు పేరు మార్చాలా? వద్దు. ఈ రోజుల్లో మన నగరంలో పేరు మార్చమనే మాట ఎటు దారితీస్తుందో అందరికీ తెలుసు. హుస్సేన్ సాగర్‌ను నిమజ్జనాల సమయంలో వినాయక సాగర్ అని బ్యానర్లు కట్టేవారున్నారు. ఒక మతంవారి పేరు తీసి మరొక మతంవారి పేరు పెట్టడం నీటి చరిత్రను గౌరవించడం కాదు. ఈ రోజు ముస్లిం పేరు తీసేసినవారు రేపు మిషన్ ఆసుపత్రుల, మిషన్ బడుల పేర్లను వదిలిపెడతారని అనుకోవడానికి లేదు. అల్పసంఖ్యాకులమైన మనం ఈ సంగతి బాగా ఎరిగి మాట్లాడాలి. ఒక స్త్రీ పేరు రెండు వందల ఏండ్లకు పైగా ఒక ఊరికి నిలిచింది, ఉండనివ్వండి. జనం గండిపేట అంటారు, కాగితం ఉస్మాన్ సాగర్ అంటుంది. మూసీకి పురాణాల్లో ముచుకుందా అని పేరు. ఒకే నీటికి రెండు పేర్లుంటే నష్టం లేదు, యోహాను సువార్త లాగే.

పాత పేర్లు వెలికితీసి పక్కన రాయడం మాత్రం చేయాలి. చింతల్‌కుంట బస్టాపులో ఇక్కడ కుంట ఉండేది, దాని నీరు ఇటు పారేది అని ఒక బోర్డు పెడితే ప్రభుత్వానికి ఎంత ఖర్చు? ప్రతి కాలనీ ముఖద్వారం మీద కాలనీ పేరు కింద, ఆ నేల ఒకప్పుడు ఏ చెరువు శిఖమో, ఏ కుంటో రాస్తే కొనేవాడికి కోర్టు తీర్పుకంటే ముందే నిజం తెలుస్తుంది. అందుకే అది జరగడం కష్టం. స్థిరాస్తి వ్యాపారులు ఒప్పుకోరు, అప్పటికే కొన్నవారూ ఒప్పుకోరు. తమ ఇంటి ధర పడిపోతుందని వారి భయం. అది అర్థం లేని భయం కాదు.

పాత పేర్లు వెలికితీసే పనిలో ఇంకొక అపాయముంది. 2024 జులైలో 99వ నంబరు జీవోతో హైడ్రా ఏర్పడింది. ఆ సెప్టెంబరులో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. ఇది నది గర్భం అని వాటి అర్థం. చైతన్యపురి, కొత్తపేట వైపు జనం బయటికొచ్చి అధికారులను అడ్డుకున్నారు. ఆ గోడల్లో కొన్నింటి మీద ఆర్‌బీ-ఎక్స్‌కు పక్కనే సిలువ గుర్తు, వాక్యం ఉన్న క్యాలెండరు ఉన్నాయి. నది నదే, నిజమే. అక్కడ ఇల్లు ఉండకూడదు, అదీ నిజమే. కాని ఆ స్థలాన్ని రిజిస్టరు చేసిందెవరు, కరెంటు మీటరు ఇచ్చిందెవరు, ఇంటి పన్ను కట్టించుకున్నదెవరు? నదికి దాని పేరు తిరిగి ఇస్తున్నామని చెప్పి, ముప్పై ఏండ్లు పన్ను కట్టినవాని గోడ మీద రాత్రికి రాత్రి ఒక గుర్తు వేయడం న్యాయం కాదు. ఖాళీ చేసినవారిలో కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్లిచ్చారు. పని దగ్గర, బడి దగ్గర దొరికినవారు కుదురుకున్నారు, దూరంగా దొరికినవారు ఇంకా తంటాలు పడుతున్నారు. పెద్ద పెద్ద సంస్థల భవనాలు చెరువుల్లో ఉన్నచోట నోటీసులు, వాయిదాలు, స్టేలు నడుస్తుంటే బస్తీకి మాత్రం పొద్దున్నే జేసీబీ వస్తోందన్న బాధ జనంలో ఉంది. రహెబోతు అంటే అందరికీ చోటు. నీటికి చోటు, మనిషికి చోటు. నీటికి చోటివ్వడానికి మనిషికి చోటు లేకుండా చేస్తే ఆ బావికి ఇస్సాకు పెట్టే పేరు ఏశెకు.

మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఎల్.బి.నగర్ చుట్టుపక్కల సంఘాలు పెరుగుతున్నాయి, దేవునికి స్తోత్రం. స్థలం ధర మండిపోతుండడంతో చవకగా వచ్చే జాగా కోసం చూస్తున్నాం. చవకగా వస్తుందంటే ఎందుకో అడగాలి. శిఖం కావచ్చు, బఫర్ జోన్ కావచ్చు, నాలా పక్కన కావచ్చు. 'ప్రభువు ఇచ్చిన స్థలం' అని సాక్ష్యం చెప్పుకునే ముందు హెచ్‌ఎండీఏ వారి చెరువుల జాబితా, ఎఫ్‌టీఎల్ పటాలు చూడండి. పాత పహాణీలో సర్వే నంబరు ఎదుట ఏ పేరుందో చూడండి. ఆ ఊరి ముసలివారిని, ముఖ్యంగా ఆ చెరువులో చేపలు పట్టిన, బట్టలుతికిన కుటుంబాలవారిని అడగండి. పటం అబద్ధం చెప్పినా వారు చెప్పరు. చెరువు నీటిలో నిలబడ్డ ప్రార్థనా మందిరానికి వచ్చే నోటీసులో మతం ఉండదు. అయితే మరుసటి రోజు అది మత వివాదమవుతుంది, దాని భారం ఆ వీధిలోని ప్రతి క్రైస్తవ కుటుంబం మీద పడుతుంది. ఇప్పటికే అలాంటి చోట మందిరం ఉన్న సంఘాలు న్యాయవాదితో, అధికారులతో ముందుగానే మాట్లాడుకోవడం మంచిది. ఆదివారం ఉదయం మందిరం ముందు జేసీబీ నిలబడే దాకా ఆగవద్దు.

ఈ పత్రిక పాఠకులకు ఒక పని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ వరకు, చంపాపేట నుంచి నాగోలు వరకు మీ సంఘంలో డెబ్బై ఏండ్లు దాటిన పెద్దల్ని కూర్చోబెట్టి అడగండి. మన మందిరం ఉన్న నేల పేరేమిటి? ఇక్కడ కుంట ఉండేదా, వాగు ఉండేదా? దాన్ని ఏమని పిలిచేవారు? గట్టు మీద ఏ చెట్లుండేవి? మత్తడి దూకితే నీళ్లు ఎటు పోయేవి? చివరిసారి ఎవరు అందులో బాప్తిస్మం తీసుకున్నారు? పెద్దలు చెప్పినది చెప్పినట్టే రాసి పంపండి, పేరు ఏ మతానిదైనా, ఏ భాషదైనా దిద్దకండి. వచ్చినవాటిని ఊరి పేర్ల వరుసలో ప్రచురిస్తాం. వానాకాలానికి ముందు ఒక ప్రతి ఎల్.బి.నగర్ జోనల్ కార్యాలయానికి కూడా ఇస్తాం.